తలకు దెబ్బ తగిలాక మొదటి వారంలో ఏం చెప్పగలం?

అందరికీ నమస్కారం.

ఐసీయూ బయట ఉన్నవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "డాక్టర్ గారూ, మావాడు మళ్ళీ మామూలు మనిషవుతాడా?" దీనికి మా దగ్గర జవాబు ఎంతవరకు ఉందో, ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను.

కేస్ షీట్‌లో జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) అని, రోగికి స్పృహ ఎంత ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ తయారుచేసిన కొలత అది. కళ్ళు తెరవడం, మాట, చేతుల కదలిక చూసి 3 నుంచి 15 దాకా వేస్తారు. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన గాయం. అంచనాకు బాగా పనికొచ్చేది ఇందులో ఒక భాగం, నొప్పి కలిగిస్తే చెయ్యి ఎలా కదిలిందన్నది. దానికి వయసు, టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతుందా లేదా అన్నది కలపాలి. రోగి ఎంతవరకు కోలుకుంటాడో అంచనా వేయడానికి 2008లో వచ్చిన ఇంపాక్ట్ అనే లెక్కకు మూలం ఈ మూడే. అదే ఏడాది 10 వేలకు పైగా రోగుల వివరాలతో వచ్చిన క్రాష్ అనే ఇలాంటి మరో లెక్క, రోగిది ఏ దేశమని కూడా అడుగుతుంది. తీవ్రమైన గాయమైతే పేద దేశాల్లో చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ గడి నింపుతున్న ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది.

ఇక శాతాల సంగతి. "చెడు ఫలితం 60 శాతం" అంటే ఇలాంటి 100 మందిలో 60 మందికి అలా జరుగుతుందని. మీవాడు ఆ 60లో ఉన్నాడో, మిగతా 40లో ఉన్నాడో లెక్క చెప్పదు. పైగా ఆ 60లో చనిపోయినవాళ్ళనూ, ఒకరి సాయంతో బతికేవాళ్ళనూ ఒకే గాటన కట్టేస్తారు. కన్నతల్లికి ఆ రెండూ ఒకటి కావు. అందుకే మీ డాక్టర్‌ని రెండూ విడివిడిగా చెప్పమని అడగండి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటి. కెనడాలో 2011లో వెలువడిన అధ్యయనంలో, తీవ్ర గాయంతో చనిపోయినవారిలో దాదాపు 70 శాతం మంది ప్రాణాధార చికిత్స ఆపాకే పోయారు. "లాభం లేదు" అన్నాక వైద్యం ఆపితే ఆ మాట నిజమే అవుతుంది. మన దగ్గరైతే డబ్బు అయిపోయి, కొందరు సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకెళ్ళిపోతారు. కానీ అమెరికాలో తలకు గాయమైనవారిపై చేసిన ట్రాక్ టీబీఐ అనే అధ్యయనంలో 2021లో వచ్చిన ఫలితాలు చూడండి. రెండు వారాలకు కూడా స్పృహ లక్షణమే లేనివారిలో నలుగురికి ముగ్గురు ఏడాదిలోపు స్పృహలోకి వచ్చారు. అందరూ పూర్తిగా కోలుకున్నారని కాదు. పెద్ద వయసు, రెండు కంటిపాపలూ స్పందించకపోవడం ఉంటే ఆశ తక్కువే, దాన్ని దాచకూడదు. కానీ మూడో రోజునే తేల్చేయకండి.

స్పృహ వచ్చాక మీరు చేయగల పని ఒకటుంది. పొద్దున ఏం తిన్నాడో సాయంత్రం గుర్తుందా, ఎక్కడున్నాడో తెలుస్తోందా, రోజూ నోట్‌బుక్‌లో రాయండి. ఆ అయోమయం ఎన్నాళ్ళు సాగిందన్నది మాకు చాలా విలువైన ఆధారం. డాక్టర్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ కూడా తెచ్చి చూపించండి.