డాలస్‌లో పిల్లల ఎమర్జెన్సీ ఎలా ఉంటుందంటే...

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు వంట లేదు, షాపింగ్ లేదు. పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీ గురించి చెప్తాను. లోపల వేరే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఉంటారు కాబట్టి అక్కడ కెమెరా తీయలేదు. ఇంట్లోనే కూర్చుని మాట్లాడుతున్నాను.

మా చిన్నోడికి అర్ధరాత్రి క్రూప్ వచ్చింది, అంటే గొంతు లోపల వాచి గాలి వెళ్ళే దారి ఇరుకైపోవడం. కుక్క మొరిగినట్టు దగ్గు. ఏడవకుండా ఊరికే ఉన్నా గాలి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమని శబ్దం. నర్స్ లైన్‌కి ఫోన్ చేస్తే, ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి అన్నారు.

అక్కడ ముందొచ్చినవాళ్ళకి ముందు అనే లెక్క లేదు. ట్రయాజ్ నర్సు, అంటే ఎవరి పరిస్థితి ఎంత సీరియస్సో ముందుగా చూసే నర్సు, చూసి 1 నుంచి 5 వరకు ఒక లెవెల్ ఇస్తారు. 1 అంటే ప్రాణం మీదకొచ్చిన కేసు. మన తర్వాత వచ్చిన పాపని ముందు లోపలికి తీసుకెళ్తే దయచేసి గొడవపడకండి. బరువు కూడా కిలోల్లోనే రాసుకుంటారు. మందు డోసంతా దాన్నిబట్టే కదా, పౌండ్ల అంకెని కిలోలు అనుకుంటే డోసు రెండింతలు దాటిపోతుంది.

వాడిని నా ఒళ్ళోంచి అసలు దింపనివ్వలేదండీ. ఏడిస్తే గొంతులో దారి ఇంకా ఇరుకవుతుందట, అందుకని అమ్మ ఒళ్ళో ఉండటం కూడా వైద్యంలో భాగమే అన్నారు. వాపు తగ్గించే డెక్సామెథసోన్ నోట్లో పోశారు, ఎపినెఫ్రిన్ అనే మందుని మాస్కులోంచి పొగలా పీల్పించే నెబ్యులైజర్ ఒళ్ళోనే పెట్టారు. ఆ ఎపినెఫ్రిన్ ప్రభావం తగ్గాక ఆయాసం మళ్ళీ వస్తుందేమోనని కొన్ని గంటలు ఉంచుకుని చూశారు.

మా పెద్దమ్మాయి మాత్రం తమ్ముడికేమైందోనని బిక్కచచ్చిపోయి కూర్చుంది. అప్పుడు చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ఒకావిడ వచ్చారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు. పిల్లల భయం పోగొట్టడమే ఆవిడ ఉద్యోగం. దాని పక్కన నేల మీద కూర్చుని, బొమ్మకి మాస్కు పెట్టి, ఇందులోంచి మందు పొగలా వస్తుంది, నొప్పి ఉండదు అని చూపించారు. కాసేపటికి మా అమ్మాయే తమ్ముడికి ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మనవాళ్ళు అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరిస్తారు చూడండి, ఆ మాట మన ఇళ్ళల్లో ఇక వద్దండీ.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో పిల్లలతో ఉంటే, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగమని చెప్పండి. ఫోన్‌లోనో వీడియోలోనో కలుపుతారు, దానికి డబ్బులు తీసుకోరు. ఇన్సూరెన్స్ కార్డు దొరకలేదని ఆగిపోకండి. డబ్బు సంగతితో పని లేకుండా ముందు చూడాల్సిందేనని ఇక్కడ 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, గట్టిగానే వస్తుంది.

నెల కూడా నిండని బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ ఉంటే ఇంట్లో మందులు వేస్తూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకే. పిల్లలు మాత్రలో, ఇంకేదైనా మందో మింగారని అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రాత్రీపగలూ ఎత్తుతారు. బిడ్డ స్పృహలో లేకపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం 911కే చేయండి. వీడియో ఇక్కడే ఆపి రెండు నంబర్లూ అత్తయ్యగారి ఫోన్‌లో కూడా సేవ్ చేయండి.