రాకెట్ కింద ఊరు

(సూళ్లూరుపేటలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక సైన్స్ ఫిక్షన్ రచయిత చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. ముందు వరసలో కూర్చోబెట్టిన పిల్లలకు సానుభూతి.

నిర్వాహకులు నన్ను పిలిచి "మీ లక్ష్యాల గురించి మాట్లాడండి" అన్నారు. అరవై దాటినవాణ్ని లక్ష్యాలు అడగడం మన ఊరికే చెల్లింది. మిగతాచోట్ల షుగర్ ఎంతుందని అడుగుతారు.

ముందుగా ఒక అపోహ తీర్చాలి. నేను షార్‌లో, అంటే మన పక్కనున్న శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, ఏ ఉద్యోగమూ చేయలేదు. సైన్స్ కథలు రాస్తాడు కాబట్టి లోపలి కబుర్లు తెలిసుంటాయని "ఈసారి రాకెట్ ఎప్పుడు సార్?" అని దారిలో ఆపి అడుగుతుంటారు. మీ వాట్సాప్‌కు వచ్చిందే నాకూ వస్తుంది, అదీ మీకంటే ఆలస్యంగా.

సూళ్లూరుపేటలో పుట్టినవాడికి రాకెట్ కథలు పుట్టుకతోనే వస్తాయని బయటివాళ్ల నమ్మకం. నాకైతే ఇక్కడ పుట్టడమే అడ్డమయ్యింది. మనకు అలవాటైపోయింది కదా. అటు పీఎస్‌ఎల్‌వీ లేస్తుంటే చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే తలెత్తి చూస్తాం, చూసి మళ్లీ మున్సిపాలిటీ సంగతుల్లో పడతాం. మర్నాడు పేపర్లో మాత్రం "నిప్పులు చిమ్ముతూ నింగిలోకి" అని పడుతుంది. ఇన్నేళ్లుగా వాడుతున్నా ఆ శీర్షిక అరగలేదు. నిప్పులు, నింగి ఆ శీర్షికకే వదిలేసి, వాటి కింద ఉన్న ఊరి గురించి రాయాలన్నదే నా లక్ష్యం. ఇంకేమైనా ఉంటే అవన్నీ దీని తర్వాతే.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ప్రయోగ వేదిక ఇక్కడికి తిన్నగా కొలిస్తే 20 కిలోమీటర్ల పైమాటే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. అంటే మంట కనబడిన నిమిషం దాటాకగానీ మన కిటికీలు అదరవు. ఈ లోపల ఊరంతా మేడల మీద మాటల్లేకుండా నిలబడుతుంది. రాకెట్ అప్పటికే చాలా ఎత్తుకు పోయి ఉంటుంది, అది నేలను వదిలిన చప్పుడు మాత్రం ఇంకా పులికాట్ సరస్సు మీదుగా మన వైపు వస్తూనే ఉంటుంది. ఉపగ్రహాన్ని మోసే మన తొలి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి లేచింది 1979 ఆగస్టు 10న. అది బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జూలై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. గెలిచిన రాకెట్టుకూ ఓడిన రాకెట్టుకూ ఈ నిమిషం ఒక్కలాగే ఉంటుంది.

ఇప్పుడు రాస్తున్న కథల సంపుటి అంతా ఆ నిమిషంలోనే నడుస్తుంది. ఒక్కో కథ ఒక్కో ప్రయోగం నాటిది. అందరూ పైకి చూస్తున్నప్పుడు కింద ఎవరు ఏం చేస్తున్నారన్నదే వస్తువు. చెన్నై లోకల్ అందుకోవడానికి పరిగెత్తే కుర్రాడున్నాడు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ దిగి బస్సులో నిద్రపోతున్న అమ్మాయి ఉంది. 2017 ఫిబ్రవరి 15న ఒకే రాకెట్ 104 ఉపగ్రహాలను మోసుకుపోయిన పొద్దున వాకిట్లో ముగ్గులో చుక్కలు లెక్కపెట్టుకుంటున్న ముసలావిడ ఉంది. నన్ను బాగా సతాయిస్తున్నది మాత్రం 2019 జూలై 15 నాటి కథ. చంద్రయాన్-2 అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. 56 నిమిషాల 24 సెకన్ల ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు. మంట లేదు, చప్పుడూ లేదు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనం పిల్లల్ని భుజాన వేసుకుని తిరిగిపోయారు. వారం తర్వాత, 22న, అది ఎంచక్కా వెళ్లింది, అది వేరే విషయం. నా కథకు కావలసిన నిమిషమే ఆ రాత్రి రాలేదు. రాని నిమిషం మీద కథ ఎట్లా కట్టాలో ఇంకా కుస్తీ పడుతున్నాను.

ఇక నవల. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్, లేచింది. దానికి నూరేళ్లు నిండే రోజున, 2071లో, నా నవల మొదలవుతుంది. అప్పటికి ఇక్కడ ఏం మిగులుతుందన్నదే నా ప్రశ్న. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి మన దగ్గర నుంచి తూర్పుగా వదిలిన రాకెట్టుకు సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే కలిసొస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు దక్షిణంగా పోవాలంటే మాత్రం శ్రీలంక అడ్డం. పక్కకు తిరిగి పోవాలి, దానికి ఇంధనం ఖర్చు. అందుకే చిన్న రాకెట్ల కోసం తమిళనాడులో కులశేఖరపట్టణం దగ్గర ఇంకో కేంద్రం కడుతున్నారు, 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన కూడా అయింది. ఇది షార్‌కు పోటీ అని కొందరు కంగారు పడుతున్నారు. నాకా కంగారు లేదు. కథకు మాత్రం బ్రహ్మాండమైన మేత.

నవల్లో నేను మార్చింది ఒక్కటే, నీటి మట్టం. సముద్రం కొంచెం పైకి వచ్చింది, శ్రీహరికోట దీవికి పోయే పులికాట్ మీది రోడ్డు మునిగింది. మిగతాదంతా ఇప్పుడున్నట్టే. చాలాచోట్ల మనిషి లోతు కూడా లేని సరస్సు అది. వానాకాలంలో కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నీళ్లు తెచ్చి పోస్తే ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలంలో సముద్రాన్ని మించి ఉప్పెక్కుతుంది. ముఖద్వారాలు ఇసుక మేటేసి పూడితే రొయ్యా చేపా లోపలికి రావు. ఇవన్నీ గెడ వేసి పడవ నడిపేవాడికి తెలుసు. 2071లో ఇంజనీర్లు దీవికి పోవాలంటే అతని పడవే గతి. ప్రయోగం రోజు అతను పడవ తీయనంటాడు. ఎందుకో చెప్పను, పుస్తకం కొనండి.

దానికోసం తిరుగుతుంటే నాకు బాగా అవసరమనిపించినవి దీవి మీద బతికిన వాళ్ల మాటలు. 1969లో శ్రీహరికోటను ఎంపిక చేసేనాటికి అది ఖాళీ నేల కాదు. అక్కడి అడవిలో తరతరాలుగా యానాదులున్నారు. ఏ వేరు ఏ జబ్బుకు పనికొస్తుందో, ఏ దుంప ఏ కాలంలో తవ్వాలో వాళ్లకు తెలుసు. అంతరిక్ష చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు ఒక్క వాక్యం దొరికితే గొప్ప. దీవిలో బాల్యం గడిచినవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నాను. నవలకు వాడుకున్నా వాడుకోకపోయినా అవన్నీ ఈ గ్రంథాలయానికే ఇస్తాను. వాళ్లు వద్దన్న మాట మాత్రం బయటికి పోదు.

బయట సభల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు చెంగాళమ్మ గుడికి వెళ్తారు కదా, సైన్స్ రచయితగా మీరేమంటారు అని. చెంగాళమ్మ గుడికి రాత్రీ పగలూ తలుపులు మూయరు. ఎవరైనా పోవచ్చు. ఇంజనీర్లు కూడా ఆ ఎవరైనాలోనే ఉన్నారంటాను. దీనికి చప్పట్లు కొట్టేవాళ్లూ ఉన్నారు, అలిగి లేచిపోయేవాళ్లూ ఉన్నారు.

ఆదివారం పొద్దున ఇక్కడ జరిగే కథల తరగతి గురించి చెప్పమన్నారు. పిల్లల్ని కథ రాయమంటే హీరో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ల్యాబ్ పెడతాడు. పేరు కూడా జాన్. తప్పు వాళ్లది కాదు, వాళ్లు చూసేవన్నీ అట్లాగే ఉన్నాయి. అందుకని ఒక షరతు పెట్టాను. కథలో ఏ యంత్రమైనా ఉండొచ్చు, ఏ గ్రహమైనా ఉండొచ్చు, కానీ మొదటి పేజీ మన మండలం దాటకూడదు. అప్పటినుంచి చూడండి! ఒక పాప నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతులకు జ్ఞాపకాలు అమర్చింది. అవి ఏటా వచ్చి, పోయినేడు చెరువులో ఎన్ని నీళ్లుండేవో పంచాయతీకి సాక్ష్యం చెబుతాయట. ఇంకో పిల్లాడి కథలో ఫ్లెమింగోలు గులాబీ రంగు పోగొట్టుకుని తెల్లగా దిగుతాయి. అవి తినే నాచులో, రొయ్యల్లో ఉండే రంగే వాటి ఈకలకు వస్తుందని వాడు ఎక్కడో చదివాడు. పులికాట్‌లో ఆ తిండి తగ్గితే ఏమవుతుందని ఆలోచించాడు. నాకు తట్టనందుకు కాస్త ఈర్ష్యపడ్డాను కూడా. జనవరి ప్రాంతంలో పక్షుల పండగ జరిగేటప్పుడు ఈ కథలన్నీ చిన్న పుస్తకంగా వేసి పంచాలని ఉంది. పంచడానికి నేనున్నాను, అచ్చు ఖర్చుకు మీరుండాలి.

తరగతి పది గంటలకు. పిల్లలు నోటు పుస్తకం తెచ్చుకుంటే చాలు, ఫోన్లు ఇంట్లో పెట్టి రండి. దీవిలో బతికిన తాతలూ అవ్వలూ మీకు తెలిసినవాళ్లుంటే నాకు కబురు చేయండి. నడవలేకపోతే నేనే ఇంటికి వస్తాను. ఇక ప్రశ్నలుంటే అడగండి, తర్వాతి రాకెట్ తేదీ తప్ప.