కంప్యూటర్ ఏ గుమ్మం గుండా రావాలి? ఎల్ కామినో ఆసుపత్రి అనుభవం

సభకు నమస్కారం.

మన ట్రస్టు ఆసుపత్రుల కమిటీల్లో కొత్త సాంకేతికత మాట రాగానే మొదట చర్చకు వచ్చేది దాని ధర, ఆ వెంటనే బ్యాంకు వడ్డీ. దాన్ని వార్డులో ఎవరు వాడతారు, అందుకోసం ఇప్పుడు చేస్తున్న ఏ పని మానుకుంటారు అన్న ప్రశ్న కొటేషన్లు ఖరారయ్యాక గాని తలెత్తదు. ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టిన ఒక మామూలు ఊరి ఆసుపత్రి గురించి ఈ రోజు చెబుతాను.

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో 1961లో ప్రారంభమైన ఎల్ కామినో ఆసుపత్రి ఏ విశ్వవిద్యాలయానికీ చెందినది కాదు. స్థానికులు ఓటు వేసి ఏర్పాటు చేసుకున్న హాస్పిటల్ డిస్ట్రిక్టుకు, అంటే ఆసుపత్రి కోసమే ఏర్పడిన స్థానిక ప్రభుత్వ సంస్థకు, చెందినది. ఆ డిస్ట్రిక్టు బోర్డును ఎన్నుకునేది కూడా వాళ్లే. పక్కనే సన్నీవేల్‌లో క్షిపణులు, ఉపగ్రహాల పనిలో ఉన్న లాక్‌హీడ్ సంస్థ ఇంజనీర్లు 1960లలో ఆసుపత్రుల కంప్యూటర్ సమాచార వ్యవస్థపై దృష్టి పెట్టారు. రక్తపరీక్షల యంత్రాలకు పేరుపొందిన టెక్నికాన్ సంస్థ 1971లో ఆ వ్యవస్థను కొనుక్కొని ఎల్ కామినోలో నెలకొల్పింది.

ఆ వ్యవస్థ పని మొదలైంది బిల్లుల కౌంటరులో కాదు, డాక్టరు ఆర్డరు (రోగికి ఏ మందు, ఏ పరీక్ష అన్న ఆదేశం) దగ్గర. వార్డులోని తెర మీద మందుల జాబితా కనిపించేది. డాక్టరు లైట్ పెన్‌తో (తెర మీద ఎంచుకోవడానికి వాడే కలం లాంటి పరికరంతో) మందు పేరును తాకితే మోతాదులు, మోతాదును తాకితే వేళలు వచ్చేవి. టైపు చేయవలసిన అవసరం దాదాపు ఉండేది కాదు. ఒకసారి ఖాయం చేసిన ఆర్డరు ఫార్మసీకీ, నర్సు ఏ గంటకు ఏ మందు ఇవ్వాలో చెప్పే పట్టికకూ, బిల్లుకూ దానంతటదే చేరేది. అంతకుముందు అదే ఆర్డరును కేస్ షీటులో చూసి ఇండెంటులో (ఫార్మసీకి పంపే మందుల చీటీలో) ఒకరు, మందుల కార్డులో మరొకరు, ఖాతాలో ఇంకొకరు తిరగరాసేవారు; తప్పు దొర్లడానికి ప్రతి తిరగరాతా ఒక అవకాశమే.

ఇది సాఫీగా సాగలేదు. అక్కడి వైద్యుల్లో అధికులు జీతగాళ్లు కారు, సొంత ప్రాక్టీసు నడుపుకుంటూ రోగులను చేర్పించేవారు. మన విజిటింగ్ కన్సల్టెంట్ల లాగే వాళ్లను ఆజ్ఞాపించే వీలు యాజమాన్యానికి లేదు. చాలామంది వ్యతిరేకించారు. ప్రతి వైద్యుడూ తాను తరచు రాసే ఆర్డర్లను సొంత జాబితాగా పెట్టుకునే సౌలభ్యం కల్పించడం వారిని దారికి తెచ్చిన వాటిలో ముఖ్యమైనదని నా అభిప్రాయం. కొన్నేళ్లకు ఆర్డర్లలో ఎక్కువ భాగం వైద్యులే స్వయంగా నమోదు చేయసాగారు. ఫెడరల్ ప్రభుత్వ నిధులతో బాటెల్ అనే పరిశోధనా సంస్థ ఈ ప్రయోగాన్ని బయటి నుంచి మదింపు చేసింది కనుక, మనకు దొరికేది అమ్మకందారు మాట ఒక్కటే కాదు.

మన దగ్గర కథ మరో గుమ్మం నుంచి మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ముందస్తు అనుమతి, క్లెయిము ఆన్‌లైన్‌లోనే పంపవలసి రావడంతో చిన్న నర్సింగ్ హోముల్లోనూ కంప్యూటర్లు వెలిశాయి. అది మేలే, కాని అవి చాలాచోట్ల బిల్లు, క్లెయిము, డిశ్చార్జ్ సమ్మరీ దాటి వార్డులోకి అడుగుపెట్టలేదు. రౌండ్స్‌లో డాక్టరు కాగితం మీద రాస్తారు, సిస్టర్ రిజిస్టరులోకి ఎక్కిస్తారు, సాయంత్రం ఆపరేటరు టైపు చేస్తారు. లక్షలు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఇక్కడ తగ్గించింది ఏమీ లేదు, ఒక తిరగరాతను అదనంగా చేర్చింది.

పెట్టుబడి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. తిరగరాతలు తగ్గి నర్సుకు మిగిలిన గంట డబ్బుగా మారాలంటే డ్యూటీ పట్టికను మార్చి, ఆ గంటను రోగి మంచం దగ్గరకు చేర్చాలి. అది సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసే పని కాదు. అందుచేత ఈ ఏడాది కొటేషన్లు పిలిచే కమిటీలు ధరతో పాటు మరో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: రాత్రి షిఫ్టు సిబ్బందికి విడిగా శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారు, కరెంటు లేదా నెట్ పోయినప్పుడు ఆర్డర్లు ఎలా నడుస్తాయి, ఒప్పందం ముగిస్తే మన రోగుల రికార్డులు ఏ రూపంలో మన చేతికి వస్తాయి.