నోరు విప్పకుండానే బిల్లును ఆపే విద్య

సభకు నమస్కారం.

ఫిలిబస్టర్ అంటే అమెరికా ఎగువసభ సెనేట్‌లో చర్చ ముగియనివ్వకుండా బిల్లును ఆపే ఎత్తుగడ. ఆ మాట అనగానే గంటల తరబడి నిలబడి మాట్లాడే సెనేటరే చాలామందికి గుర్తొస్తారు. 1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవాలని సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడారు. ఇవాళ అమెరికా సెనేట్‌లో బిల్లులు ఆగుతున్నది అలాంటి ప్రసంగాల వల్ల కాదు. ఎవరూ నోరు విప్పనక్కర్లేదు.

సెనేటర్లు 100 మంది. బిల్లు నెగ్గడానికి సాధారణ మెజారిటీ చాలు. ఓటింగు దాకా చేరడమే కష్టం. ప్రతినిధుల సభలో మెజారిటీ పక్షం చర్చను ముగించగలదు. సెనేట్ ఆ వీలును 1806లో తన నిబంధనల నుంచి తీసేసింది. 1917లో 22వ నిబంధన వచ్చింది. మూడింట రెండు వంతుల ఓట్లుంటే చర్చ ఆపవచ్చన్నారు. దాన్నే క్లోచర్ అంటారు. 1975లో ఆ సంఖ్యను 60కి తగ్గించారు.

ఇప్పుడు ఒక బిల్లు వెంట నడిచి చూద్దాం. సోమవారం 16 మంది సంతకాలతో క్లోచర్ తీర్మానం పెట్టారనుకోండి. మధ్యలో ఒక రోజు విడిచి బుధవారం ఓటింగు. 60 ఓట్లు పడినా ఇంకో 30 గంటల దాకా చర్చ సాగవచ్చు. ఇదంతా బిల్లును చేపట్టాలా వద్దా అన్న తీర్మానానికే! అది నెగ్గాక బిల్లుకు మళ్లీ ఇదే తంతు. మొత్తం వారం గడిచిపోతుంది. అందరూ ఒప్పుకుంటే నిమిషాల్లో అయ్యే పని ఇది. ఒక్కరు అభ్యంతరం చెబితే చాలు, ఈ దారంతా నడవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన మెలిక ఓట్ల లెక్కలో ఉంది. కావలసిన 60 మంది హాజరైనవారిలోంచి కాదు, మొత్తం సభ్యుల్లోంచి రావాలి. అనుకూలంగా 59, వ్యతిరేకంగా సున్నా పడినా క్లోచర్ ఓడిపోతుంది. అడ్డుకునే 41 మంది సభకు రాకపోయినా గెలుపు వాళ్లదే. శ్రమంతా బిల్లు కావాలన్నవాళ్ల నెత్తినే పడుతోంది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1964లో పౌరహక్కుల బిల్లు మీద సభ సుమారు 60 పని దినాలు స్తంభించింది. దేశమంతా చూస్తుండగా జూన్ 10న 71-29తో చర్చకు తెర పడింది. 1970ల మొదట్లో సెనేట్ మెజారిటీ నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ ఆధ్వర్యంలో, ఆగిన బిల్లును పక్కన పెట్టి వేరే పని సాగించే రెండు దారుల పద్ధతి మొదలైంది. సభ సాఫీగా నడవాలనే ఆ పని చేశారు. కానీ దానితో అడ్డుకోవడం ఖర్చులేని పనైంది. నా దృష్టిలో అసలు జబ్బు మొదలైంది అక్కడే.

ఇక పార్టీల తీరు. 2013 నవంబరులో డెమోక్రాట్లు సుప్రీంకోర్టు మినహా అధ్యక్షుడు ప్రతిపాదించే మిగతా నియామకాలకు సాధారణ మెజారిటీ చాలన్నారు. 2017 ఏప్రిల్‌లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకూ అదే వర్తింపజేశారు. అదే నెలలో, బిల్లుల విషయంలో మాత్రం ఫిలిబస్టర్‌ను ముట్టుకోవద్దని రెండు పార్టీలకు చెందిన 61 మంది సెనేటర్లు లేఖ రాశారు. ఆ సంతకాలు పెట్టిన డెమోక్రాట్లలో చాలామంది 2022లో నిబంధన మార్చాలని ఓటేశారు. ఎవరు మైనారిటీలో ఉంటే వాళ్లకు అది పవిత్రమవుతోంది.

పన్నులు, ఖర్చుల బిల్లులకు 1974 బడ్జెట్ చట్టం ఒక పక్కదారి ఇచ్చింది. దానిపేరు రికన్సిలియేషన్. చర్చకు 20 గంటలే గడువు, సాధారణ మెజారిటీ చాలు. అందుకే 2017 పన్ను కోతలూ, 2022 వాతావరణ చట్టమూ గట్టెక్కాయి. బడ్జెట్‌తో నిమిత్తం లేనివి అందులో ఇమడవు. ఓటు హక్కు బిల్లు ఇమడదు. ఏటేటా వచ్చే ప్రభుత్వ నిధుల బిల్లులూ మామూలు దారిలోనే రావాలి. 2025లో 53 మంది రిపబ్లికన్లున్నా 60 దొరక్క ప్రభుత్వం 43 రోజులు మూతపడింది.

మనవాళ్ల ఇళ్లలోనూ దీని ప్రభావం ఉంది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితిని ఉద్యోగ వీసాలకు ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఏకగ్రీవ సమ్మతితో గట్టెక్కించబోతే అభ్యంతరాలు వచ్చాయి. సవరణలతో 2020 డిసెంబరు 2న ఆమోదం పొందేసరికి ఆ కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) గడువుకు నెల మిగిలింది. రెండు సభలు ఆమోదించిన రూపాలు ఒకటి కాకుండానే బిల్లు మురిగిపోయింది.

ఫిలిబస్టర్‌ను పూర్తిగా ఎత్తేయాలని నేను అనను. భారాన్ని తిప్పితే చాలు. అడ్డుకునే 41 మందే సభలో కూర్చోవాలి, మాట్లాడాలి, ప్రతి ఓటింగుకూ హాజరవ్వాలి. సభలోకి రానివాళ్ల బలం లెక్కలోంచి పోవాలి. 2022 జనవరిలో ఓటు హక్కు బిల్లు కోసం మాట్లాడే ఫిలిబస్టర్‌ను తిరిగి తేవాలని ప్రయత్నించారు. 48-52తో ఓడింది. ఇద్దరు డెమోక్రాట్లు, జో మాంచిన్, కిర్‌స్టన్ సినెమా, రిపబ్లికన్లతో కలిసి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరూ ఇప్పుడు సెనేట్‌లో లేరు.