పాత నిబంధన తర్వాత ఏం జరిగింది? యూదు మతం, హీబ్రూ భాష గురించి కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలు

అందరికీ నమస్కారం.

హీబ్రూ అక్షరాలు నేర్పడానికి కూర్చున్నప్పుడల్లా మొదటి రోజు పాఠం ముందుకు సాగదు. బోర్డు మీద ‘ఆలెఫ్’ రాసేలోపే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. అడిగేది అక్షరం గురించి కాదు, యూదుల గురించి. అలా ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు కొన్ని ఇవాళ మీ ముందు పెడతాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటికి మీరు కాస్త ఓపిక పట్టాలి.

మన దగ్గర యూదుల గురించి తెలిసినదంతా దాదాపుగా తెలుగు బైబిల్లోంచి వచ్చిందే. అందుకే అడిగేవాళ్ళ మనసులో ముందు అబ్రాహాము, మోషే, దావీదు ఉంటారు. ఆ తర్వాత నేరుగా టీవీ వార్తల్లోని ఇజ్రాయెల్ వచ్చేస్తుంది. మధ్యలో రెండు వేల ఏళ్ళు ఖాళీ. ఇవాళ మనం యూదు మతం అంటున్నది రూపు కట్టింది ఆ ఖాళీలోనే. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి, “ఇప్పటికీ గొర్రెల్ని బలి ఇస్తారా అండీ?” అని అడుగుతారు. ఇవ్వరు. బలి ఇవ్వాల్సింది యెరూషలేములోని దేవాలయంలోనే. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆ ఆలయాన్ని కూల్చేసింది, దాంతో బలులు ఆగిపోయాయి. సమరయులు మాత్రం ఇప్పటికీ గెరిజీము కొండ మీద పస్కా పండగ గొర్రెపిల్లను కోస్తారు, కానీ వాళ్ళ దారి వేరు. ఫోటోల్లో యూదులు నిలబడి ప్రార్థన చేస్తూ కనిపించే పశ్చిమ గోడ కూడా ఆలయం గోడ కాదు. ఆలయం నిలిచిన గుట్ట చుట్టూ కట్టిన ప్రహరీలో మిగిలిన భాగం అది.

ఆలయం పోయింది, యాజకులకు పని లేకుండా పోయింది. అలాంటప్పుడు మతం కూడా పోవాలి కదా? చాలా మతాలు అలాగే పోయాయి. ఇక్కడ మాత్రం యోహానాన్ బెన్ జక్కాయ్ అనే పండితుడూ ఆయన శిష్యులూ యవ్నే అనే ఊళ్ళో కూర్చుని చదువు మొదలుపెట్టారు. బలి స్థానంలోకి రోజుకు మూడు పూటల ప్రార్థన వచ్చింది. యాజకుడి స్థానంలోకి రబ్బీ వచ్చాడు. రబ్బీ అంటే పూజారి కాదు, ధర్మశాస్త్రం చదువుకున్నవాడు. అప్పటిదాకా నోటి మాటగా వచ్చిన నియమాలను సుమారు క్రీ.శ. 200 నాటికి యెహూదా హనాసి ‘మిష్నా’గా కూర్చాడు. దాని మీద తరతరాల పండితులు చేసిన చర్చ ‘గెమారా’. రెండూ కలిస్తే తల్మూడ్.

తల్మూడ్ పేజీ ఒకసారి చూసి తీరాలి. మధ్యలో మూలం, ఒక పక్క 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో బతికిన రాషీ వ్యాఖ్యానం, రెండో పక్క ఆయన తర్వాతివాళ్ళు రాషీతోనే పేచీ పెట్టుకుంటూ రాసిన వ్యాఖ్యానాలు. మన మల్లినాథ సూరి వ్యాఖ్య పక్కన లేకుండా కాళిదాసును ఎలా చదవరో, రాషీ లేకుండా తల్మూడ్‌ను అలాగే చదవరు. అందులో హిల్లెల్ అనే పండితుడి వర్గం ఒకటంటే షమ్మాయ్ అనే పండితుడి వర్గం ఇంకొకటంటుంది. ఒకచోట ఆకాశవాణి వినిపించి, ఇద్దరివీ సజీవుడైన దేవుని మాటలే, ఆచరణలో మాత్రం హిల్లెల్ మాట పాటించండి అని తేలుస్తుంది. ఓడిన వాదనను చెరిపెయ్యకుండా పేరుతో సహా పుస్తకంలో ఉంచడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 1923లో మేయిర్ షపీరో అనే రబ్బీ, ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ తల్మూడ్‌లో రోజుకు ఒకే ఆకు, అంటే కాగితానికి రెండు వైపులా, చదువుదామని ప్రతిపాదించాడు. మొత్తం 2,711 ఆకులు. ఒక చుట్టు పూర్తవడానికి సుమారు ఏడున్నర ఏళ్ళు పడుతుంది. ఆ చదువు ఇప్పటికీ నడుస్తోంది.

ఇక రెండో ప్రశ్న: “వాళ్ళు ఏం నమ్ముతారు?”

దేవుడు ఒక్కడే అన్నది సరే. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు పదమూడు విశ్వాస సూత్రాలు రాశాడు, వాటి మీదా తర్వాత చర్చలు నడిచాయి. పరలోకం ఎలా ఉంటుందని అడిగితే పది అభిప్రాయాలు వినిపిస్తాయి. అదే, శనివారం లైటు స్విచ్ వెయ్యొచ్చా అని అడగండి, వివరంగా జవాబు వస్తుంది. అందుకే ఏం నమ్ముతారని కాకుండా ఏం చేస్తారని అడగమంటాను.

విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటిపడ్డాక ముగుస్తుంది. “శనివారం అన్నారు, మరి శుక్రవారం సాయంత్రమేంటి?” అంటారు. ఆదికాండము మొదటి అధ్యాయం తియ్యండి, “అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను” అని ఉంటుంది. అస్తమయం ముందు, ఉదయం తర్వాత. వాళ్ళకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది. ఆ రోజు చెయ్యకూడని పనుల్ని రబ్బీలు 39 రకాలుగా లెక్కగట్టారు. నిప్పు వెలిగించడం అందులో ఒకటి కాబట్టి, నిష్ఠగా ఉండేవాళ్ళు కారు నడపరు, స్విచ్ వెయ్యరు. ఇజ్రాయెల్లో చాలా భవనాల్లో ఆ రోజు లిఫ్ట్ దానంతటదే ప్రతి అంతస్తులోనూ ఆగుతూ పోతుంది, బటన్ నొక్కే పని లేకుండా. అయితే ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో ఉంటే ఈ నియమాలన్నీ పక్కకు పోతాయి. అప్పుడు డాక్టరు కారెక్కి వెళ్ళొచ్చని కాదు, వెళ్ళి తీరాలి.

కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదులు నూనె గానుగలు ఆడించేవాళ్ళు. శనివారం గానుగ కట్టేవాళ్ళు కాదు. చుట్టుపక్కల మరాఠీవాళ్ళకు తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, సంగతి తెలియదు కానీ ఆ సెలవు తెలుసు, అందుకే వాళ్ళను ‘శనివార్ తేలీ’లు అని పిలిచారు.

తిండి గురించి కూడా తప్పకుండా అడుగుతారు, మనం తెలుగువాళ్ళం కదా. జంతువుకు గిట్టలు చీలి ఉండాలి, నెమరు వెయ్యాలి. చేపకు రెక్కలూ పొలుసులూ ఉండాలి. ఆ లెక్కన పులస పనికొస్తుంది, పొలుసుల్లేని వాలుగ పనికిరాదు. రొయ్యలు, పీతలు అసలే కుదరవు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టవద్దని తోరాలో మూడుసార్లు ఉంది. దాన్నుంచి రబ్బీలు మాంసాన్నీ పాల పదార్థాలనీ పూర్తిగా వేరు చేశారు, గిన్నెలతో సహా. కాబట్టి మటన్ కోషెర్ కొట్టులో, అంటే ఈ నియమాలు పాటించే కొట్టులో, కొన్నదైనా సరే, బిర్యానీతో పెరుగు చట్నీ వడ్డించడం కుదరదు.

పండగల తేదీలు ఎందుకు మారతాయంటారా? వాళ్ళకూ మనలాగే చాంద్రమానం, అధికమాసం ఉన్నాయి. పస్కా వసంతంలోనే రావాలి కాబట్టి 19 ఏళ్ళలో ఏడుసార్లు అదార్ నెలను రెండుసార్లు లెక్కపెడతారు.

“యేసును ఎందుకు ఒప్పుకోరు?” ఇది తప్పక వచ్చే ప్రశ్న, అడిగేవాళ్ళ గొంతులో కాస్త బాధ కూడా ఉంటుంది. యూదుల దృష్టిలో మెస్సీయ వస్తే యుద్ధాలు ఆగాలి, చెదిరిన ప్రజ ఒకచోట చేరాలి. అది జరగలేదు కనక మెస్సీయ రాలేదంటారు. దేవుడు మనిషి రూపం ధరించడమన్నది వాళ్ళ ఏకేశ్వర భావనకు కుదరదు. కానీ అసలు సంగతి వేరే ఉంది. యూదు మతం తనను తాను యేసును కాదన్న మతంగా చూసుకోదు. వాళ్ళ రోజువారీ ప్రార్థనల్లో, చదువులో ఆ ప్రశ్నే రాదు. అది బయటి నుంచి వచ్చే ప్రశ్న.

“యూదులంటే జాతా, మతమా?” రెండూ. సంప్రదాయ ధర్మశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాళ్ళు యూదులు, లేదా పద్ధతి ప్రకారం మతంలో చేరినవాళ్ళు. నాస్తికుడైనా యూదు తల్లి కొడుకు యూదుడే. అమెరికాలోని రిఫార్మ్ శాఖ 1983 నుంచి, యూదుడిగా పెరిగితే తండ్రి వైపు నుంచైనా చాలంటోంది. ఇజ్రాయెల్ ప్రభుత్వం లెక్క ఇంకొకటి. 1950 నాటి చట్టం, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం తాతల్లో, అమ్మమ్మ నాయనమ్మల్లో ఒక్కరు యూదులైనా ఆ దేశానికి వచ్చి పౌరసత్వం పొందొచ్చు. అలా పౌరుడైనవాణ్ణే పెళ్ళి దగ్గరికొచ్చేసరికి అక్కడి రబ్బీలు యూదుడు కాదనే పరిస్థితి ఉంది. ఇది పుస్తకాల్లో ఉండే సమస్య కాదు, ఎన్నో కుటుంబాలకు రోజూ ఉండే టెన్షన్.

చేరాలనుకునేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. యూదులు మతప్రచారం చెయ్యరు. చేరతామని వచ్చినవాళ్ళను రబ్బీ మొదట వెనక్కి పంపడం ఆనవాయితీ. పట్టువదలకుండా వస్తే చాలాకాలం చదువు, ముగ్గురు సభ్యుల ధర్మసభ, శుద్ధిస్నానం, మగవాళ్ళకు సున్నతి. దేవుడికి దగ్గరవ్వాలంటే యూదుడిగా మారాల్సిన పని లేదన్నది వాళ్ళ అభిప్రాయం. నోవహు సంతతికి, అంటే మనుషులందరికీ, ఏడు నియమాలు చాలు అంటారు.

ఇది మన నేలకు సంబంధం లేని ప్రశ్నేం కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అని చెప్పుకునే చిన్న సమాజం ఉంది. తెలుగే మాతృభాష. అంతకుముందు తరంలో క్రైస్తవులుగా ఉన్న దళిత కుటుంబాలు. తాము ఎఫ్రాయీము గోత్రంవాళ్ళమని చెప్పి, 1990ల తొలినాళ్ళ నుంచి సినగోగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, పెట్టుకుని విశ్రాంతి దినం పాటిస్తున్నారు. ఇజ్రాయెల్ రబ్బీల వ్యవస్థ వాళ్ళను గుర్తించలేదు. ఈశాన్య భారతంలోని బెనె మెనాషేలను మాత్రం 2005లో ప్రధాన రబ్బీ ఇజ్రాయెల్ సంతతిగా ఒప్పుకున్నాడు, అదీ పద్ధతి ప్రకారం మతంలో చేరాలన్న షరతు మీద. ఒకరి వంశం గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ గుంటూరువాళ్ళను వెక్కిరించేవాళ్ళను చూస్తే మాత్రం చిరాకేస్తుంది.

యూదులు ఇటువైపు రావడం కొత్తా కాదు. గోల్కొండ వజ్రాల కోసం 17వ శతాబ్దంలో యూదు వర్తకులు మద్రాసులో స్థిరపడ్డారు. అదే శతాబ్దంలో యూదుడిగా పుట్టి, రబ్బీల దగ్గర చదివి, తర్వాత ముస్లిం అయిన సర్మద్ అనే ఫకీరు హైదరాబాదులో కొంతకాలం ఉన్నాడు. మతాల గురించిన పారసీక గ్రంథం ‘దబిస్తాన్’లో యూదుల భాగానికి సమాచారం ఇచ్చింది ఆయనే.

ఇక భాష సంగతి.

మన క్రైస్తవులు నిత్యం పలికే ‘యెహోవా’ అనే పేరును యూదులు పలకరు. ఆ పేరులో ఉన్నవి నాలుగు హల్లులు: యోద్, హే, వావ్, హే. గౌరవంతో దాన్ని పలకడం మానేసి, అక్కడ ‘అదోనాయ్’, అంటే నా ప్రభువు, అని చదివేవాళ్ళు. మధ్యయుగంలో అచ్చు గుర్తులు పెట్టిన పండితులు, ఆ సంగతి గుర్తుచెయ్యడానికి ఈ నాలుగు హల్లులకు అదోనాయ్ అచ్చులు తగిలించారు. ఐరోపావాళ్ళు ఆ రెంటినీ కలిపి చదివేసరికి వచ్చిన రూపమే తెలుగుదాకా వచ్చింది. యూదులు మామూలు మాటల్లో ‘హషేమ్’, అంటే ‘ఆ పేరు’, అంటారు. అంకెలు కూడా అక్షరాలతోనే రాసే భాష కాబట్టి, 15ను పది, అయిదు అని రాస్తే ఆ పేరులోని అక్షరాలే వస్తాయని తొమ్మిది, ఆరు అని రాస్తారు.

“అచ్చులు రాయరట కదా, ఎలా చదువుతారు?” గుణింతాలతో పెరిగిన మనకు ఇది నిజంగానే వింత. 22 అక్షరాలు, అన్నీ హల్లులే, కుడి నుంచి ఎడమకు. చుక్కలూ గీతలూ పెట్టి అచ్చులు చూపించే పద్ధతి ఉంది. దాన్ని తిబెరియ పట్టణంలోని పండితులు స్థిరపరిచారు. బైబిల్, ప్రార్థన పుస్తకాలు, పిల్లల పుస్తకాలు ఆ చుక్కలతో వస్తాయి. పేపర్లో ఉండవు. అయినా చదవగలరు, ఎందుకంటే చాలా మాటలకు మూడు హల్లుల ధాతువు ఉంటుంది. క-త-వ తీసుకోండి. కతవ్ అంటే రాశాడు, కోతేవ్ అంటే రాస్తున్నాడు, మిఖ్తవ్ ఉత్తరం, క్తోవెత్ చిరునామా, కెతుబ్బా పెళ్ళి ఒప్పంద పత్రం. హైదరాబాదువాళ్ళకు ఇది ఎక్కడో విన్నట్టుంటుంది. ఉర్దూలో కితాబు, కాతిబ్ వచ్చింది అరబీలోని ఇదే ధాతువు నుంచి. హీబ్రూ, అరబీ అక్కాచెల్లెళ్ళు.

“చచ్చిన భాషను బతికించారట కదా?” పూర్తిగా చావలేదు. ఇంట్లో మాట్లాడటం ఆగిపోయింది అంతే. ప్రార్థనలు, కవిత్వం, వర్తకుల ఉత్తరాలు, ధర్మసందేహాలకు రబ్బీల జవాబులు అన్నీ ఆ భాషలో నడుస్తూనే ఉన్నాయి. 1881లో పాలస్తీనాకు వచ్చిన ఎలియేజర్ బెన్ యెహూదా ఇంట్లో హీబ్రూ తప్ప ఇంకో మాట వినపడకూడదని పట్టుబట్టాడు. 1882లో పుట్టిన ఆయన కొడుకును ఆధునిక కాలంలో హీబ్రూ మాతృభాషగా పెరిగిన మొదటి పిల్లవాడంటారు. నిఘంటువుకు ‘మిలోన్’, ఐస్‌క్రీముకు ‘గ్లీదా’ ఆయన చేసిన మాటలు. కరెంటుకు ‘హష్మల్’ అనే మాటను కవి యెహూదా లేబ్ గోర్డన్ యెహెజ్కేలు దర్శనంలోంచి తీశాడు. ప్రవక్తకు కనిపించిన ఆ మెరుపు ఇవాళ కరెంటు బిల్లు మీద ఉంది.

అయితే ఒక్క మనిషి ఒక భాషను బతికించలేడు. రిషోన్ లెజియోన్ లాంటి పల్లెల్లో బడి పంతుళ్ళు లెక్కలూ భూగోళమూ హీబ్రూలో చెప్పారు. 1913లో హైఫాలో పెట్టబోయే సాంకేతిక విద్యాలయంలో జర్మన్‌లో చెబుతామంటే ఉపాధ్యాయులూ విద్యార్థులూ సమ్మెకు దిగారు. అన్నిటికీ మించి, అవసరం. పోలండు నుంచి వచ్చినవాడికి యిద్దిష్, యెమెన్ నుంచి వచ్చినవాడికి అరబీ. ఇద్దరికీ ఎంతో కొంత తెలిసిన భాష హీబ్రూ ఒక్కటే. సంస్కృతాన్ని కూడా అలా చెయ్యలేమా అని అడిగేవాళ్ళకు నేనిచ్చే జవాబు ఇదే. మనకు ఆ అవసరం లేదు.

చివరగా, నేర్చుకోవాలనుకునేవాళ్ళకు. మీకు కొంత హీబ్రూ ఇప్పటికే వచ్చు. ఇంగ్లీషువాళ్ళ ‘మోజెస్’ మనకు మోషే, హీబ్రూలోనూ మోషేయే. వాళ్ళ ‘ఈవ్’ మనకు హవ్వ, హీబ్రూలోనూ హవ్వాయే. రాహేలు, యాకోబు, యెహెజ్కేలు అన్నీ మూలానికి దగ్గరివి. తెలుగుకు హల్లుతో ఆగడం ఇష్టం లేక చివర ఉకారమో ‘ము’వో చేర్చుకున్నాం, అంతే. 119వ కీర్తన తీస్తే ఆలెఫ్, బేత్, గీమెల్ అని 22 అక్షరాల పేర్లూ వరసగా ఉంటాయి, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు.

పాత హీబ్రూ ముందా, ఇవాళ్టిది ముందా అంటే, బైబిల్ చదవాలనుకుంటే పాతది, మనుషులతో మాట్లాడాలనుకుంటే కొత్తది. వ్యాకరణంలో, ముఖ్యంగా క్రియల వాడుకలో తేడాలున్నా, ఒకటి వస్తే రెండోదానికి సగం దారి పడుతుంది. అక్షరాలు నేర్చుకునేటప్పుడు దాలెత్–రేష్, హే–హేత్, బేత్–కాఫ్ జంటలను పక్కపక్కనే రాసి పోల్చుకోండి. తప్పులన్నీ వీటి దగ్గరే వస్తాయి. ‘హేత్’ను గొంతులోంచి పలకడం మనకు కష్టం. ఉర్దూ వచ్చిన స్నేహితుడి చేత ‘ఖబర్’ అనిపించుకుని వినండి, దాదాపుగా అదే శబ్దం.

ఇక మీరు అడగండి. పస్కా రాత్రి భోజనంలో ఇంట్లో చిన్నవాళ్ళు ప్రశ్నలు అడిగితేనే కథ మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవాడు తనను తానే అడగాలని తల్మూడ్ అంటుంది. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, వెనక వరసలోంచి మొదలుపెడదాం.