తిప్పర్తి దాటినా మరగని రేడియేటర్: నల్లగొండ పాతకార్ల షోరూంపై నా అభిప్రాయం

నమస్కారం. ముందుగా ఒక సంగతి మీకు తెలియాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి వెళ్ళే దారిలో ఉన్న ఈ పాతకార్ల షోరూం వారు తమ సర్వీసు విభాగాన్ని చూసి వీడియో చేయమని నన్ను పిలిచారు. మా అంబాసిడర్‌కు చేసిన పనికి కూలి తీసుకోలేదు, విడిభాగాల డబ్బు మాత్రం నేనే చెల్లించాను. ఈ వీడియోను విడుదలకు ముందు వారికి చూపించలేదు. షోరూంలో ఏయే కార్లు ఉన్నాయో, వాటి ధరలెంతో వారి వీడియోల్లో మీరు ఇదివరకే చూసి ఉంటారు కాబట్టి ఆ జాబితా మళ్ళీ చదవను. నేను కళ్ళారా చూసిన పని గురించి, నన్ను బాధపెట్టిన ఒక విషయం గురించి మాట్లాడతాను.

మాది 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు. మా నాన్నగారు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాటి నుంచి మా ఇంట్లో ఎండాకాలం ప్రయాణమంటే ఒకటే పద్ధతి: డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ళ క్యాను, బానెట్ మీద పరచడానికి ఒక పాత తువ్వాలు. నల్లగొండలో బయలుదేరి మిర్యాలగూడ వైపు వెళ్తే తిప్పర్తి దాటీదాటకముందే ఇంజన్ నీళ్ళను చల్లార్చే రేడియేటర్ మరిగేది. చెట్టు నీడ చూసి ఆపడం, అరగంట ఆగి గుడ్డతో మూత తిప్పడం, క్యానులోని బోరు నీళ్ళు పోయడం, మళ్ళీ కదలడం. ఇన్నేళ్ళలో ఎన్నో షెడ్లకు తిప్పాను. ఒకచోట ఫ్యాను మార్చారు, ఇంకొకచోట వాటర్ పంపు మార్చారు, మరొకచోట ఇంజన్ వేడెక్కే వరకు నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్‌నే పీకి పక్కన పడేసి "మన ఎండలకు ఇది అవసరం లేదు" అన్నారు. ఒక్కరూ రేడియేటర్ విప్పి లోపలికి చూడలేదు.

ఇక్కడి మేస్త్రీ గారు మొదట చేసిన పనే అది. రాగి, ఇత్తడితో చేసిన పాత రేడియేటర్‌లో పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, రెండింటినీ కలుపుతూ సన్నటి గొట్టాలు ఉంటాయి. ఆయన పై ట్యాంకు చుట్టూ ఉన్న టంకాన్ని మంటతో కరిగించి, ట్యాంకును ఊడదీసి, నన్ను దగ్గరికి పిలిచి టార్చి వేసి చూపించారు. దాదాపు సగం గొట్టాల నోళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. కాగు అడుగున పేరుకునే తెల్లటి పొలుసు మీ అందరికీ తెలుసు, అదే ఇక్కడ తుప్పుతో కలిసి ఇటుక రంగులో గట్టిపడింది. మన జిల్లా నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గానీ, రేడియేటర్‌కు శత్రువు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు వేడెక్కినప్పుడు అవి గొట్టాల గోడలకు పట్టుకుంటాయి. ఒకసారి నింపిన నీరు అలాగే ఉంటే దానిలో ఉన్నంత ఉప్పే లోపల పేరుతుంది. మేము మరిగినప్పుడల్లా కొత్తగా బోరు నీళ్ళు పోశాము, పోసినప్పుడల్లా కొత్త ఉప్పును లోపలికి పంపాము, దానివల్ల గొట్టాలు ఇంకాస్త మూసుకుని మరుసటిసారి ఇంకాస్త ముందే మరిగింది. మా నాన్నగారి క్యానే మా బండి జబ్బును పెంచుతూ వచ్చిందని ఆ రోజు అర్థమైంది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు.

మేస్త్రీ గారు సన్నటి ఇత్తడి పట్టీని ఒక్కొక్క గొట్టంలో పైనుంచి కిందికి దింపి, పొలుసును రాల్చి, నీళ్ళు పోసి ధార సాఫీగా పడుతోందో లేదో చూసుకుంటూ పూర్తి చేశారు. ఇది ఒక పూట పని కాదు, ఒకటిన్నర రోజు పట్టింది. తరువాత ఇంజన్ బ్లాకు పక్కన నీటి దారి రంధ్రాలను మూసి ఉంచే డమ్మీ బిళ్ళలు తీసి, వెనుక సిలిండర్ చుట్టూ పేరుకున్న బురదను కడిగారు. రేడియేటర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ బురద అక్కడే ఉంటే ఇంజన్ వెనుక భాగం వేడిగానే ఉంటుందని, కొన్నాళ్ళకు అదే కదిలి మళ్ళీ గొట్టాల్లోకి వస్తుందని ఆయన వివరించారు. రేడియేటర్ మూతను కూడా మార్చారు. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలబెడితేనే నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మా మూతలో రబ్బరు ఎప్పుడో ఎండి పగిలిపోయింది, స్ప్రింగుకు బలం లేదు. థర్మోస్టాట్ తిరిగి బిగించారు, ఎందుకంటే అది లేకపోతే ఇంజన్ తగినంత వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, అంతసేపూ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. చివరగా కూలెంటు (తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా కాపాడే ద్రవం) కలిపిన, లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ నింపి, బానెట్ లోపల "బోరు నీళ్ళు పోయరాదు" అని పెయింటుతో రాశారు. రాలిన పొలుసును, పాత మూతను ఒక సంచిలో వేసి నాకు ఇచ్చారు. తీసిన ప్రతి పాత భాగాన్నీ యజమానికి అప్పగించడం వారి నియమమట. ఇన్ని షెడ్లు తిరిగినా ఇలా ఇచ్చినవారిని నేను చూడలేదు.

ఇక పరీక్ష. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, నలుగురం ఎక్కి మిర్యాలగూడ బయలుదేరాము. విడిగా బిగించిన టెంపరేచర్ మీటరు మీదనే నా చూపు. తిప్పర్తి వచ్చింది, దాటింది. వేములపల్లి వచ్చింది, దాటింది. ముల్లు తొంభై దగ్గర అటూఇటూ కదిలిందే తప్ప పైకి పోలేదు. మిర్యాలగూడలో రైసుమిల్లు ముందు బండి ఆపి మూత మీద చేయి పెట్టబోయిన మా నాన్నగారిని, వేడి మీద మూత తీయకూడదని నేనే ఆపవలసి వచ్చింది. ఆయన చేతికి పాత అలవాటు ఇంకా పోలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది, అది కూడా చెప్పాలి. వేడి ఇంజన్‌ను ఆపి ఇరవై నిమిషాల తరువాత సెల్ఫ్ కొడితే మూడోసారికి గానీ అందుకోలేదు. డ్రైవర్లు దీన్ని ఎయిర్ లాక్ అంటారు. ఇంజన్‌కు ఆనుకుని ఉన్న పెట్రోల్ పంపులో, పైపులో పెట్రోల్ ఆ వేడికి ఆవిరైపోయి, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బరేటర్‌కు అందదు. పూర్వం కలెక్టరేటు ముందు వరుసగా నిలిచే తెల్ల అంబాసిడర్ల డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేయడం నేను చిన్నప్పుడు చూశాను. షోరూం వారు పైపును సైలెన్సర్ వేడికి దూరంగా జరిపి మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టారు గానీ, సమస్య పూర్తిగా పోలేదు. పెట్రోల్ దారిలోని పాత రబ్బరు పైపులను మాత్రం ఇథనాల్‌ను తట్టుకునే వాటితో మార్చారు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది పాత రబ్బరును మెత్తబరచి పగలగొడుతుంది కాబట్టి పాతబండి ఉన్న ప్రతివారూ ఈ ఒక్క పనినైనా వెంటనే చేయించుకోండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే జరిగేది చిన్న నష్టం కాదు.

సర్వీసు విభాగానికి నా పూర్తి ఆమోదం ఉంది. అమ్మకాల విభాగం గురించి అంత సంతోషంగా మాట్లాడలేను. హాలు మధ్యలో 1974 నాటి ప్రీమియర్ పద్మిని ఒకటి నిలబెట్టారు. రంగు బాగుంది, క్రోమియం మెరుస్తోంది, "ఒరిజినల్" అని బోర్డు ఉంది. తలుపు తీసి కూర్చుంటే స్టీరింగ్ పక్కన ఉండవలసిన గేరు రాడ్డు లేదు, కింద ఫ్లోర్ గేరు ఉంది. ఆ కాలపు పద్మినిలో గేరు స్టీరింగ్‌కే ఉంటుంది. 1089 సీసీ ఇంజన్‌తో ఆ చిన్నబండి నడిపే ఆనందంలో సగం ఎడమచేతితో ఆ రాడ్డును మనవైపు లాగి పైకి నెట్టడంలోనే ఉంది. కొనేవారు కొత్తతరం వారని, వారికి స్టీరింగ్ గేరు రాదని, అందుకే మార్చామని చెప్పారు. రానివారికి గంటసేపు నేర్పితే వస్తుంది, తీసేసిన దానిని ఒరిజినల్ అని రాయడం మాత్రం తప్పు.

అంతకంటే పెద్ద విషయం కాగితాలది. మూడు కార్ల ఆర్సీలు అడిగి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు సరిచూశాను. ఒకదానిలో ఇంజన్ నంబరు కలవలేదు. ఇంజన్ మార్చినప్పుడు రవాణా శాఖ ఆమోదం తీసుకుని ఆర్సీలో నమోదు చేయించాలి, ఆ పనిని కొనేవారి నెత్తిన పెట్టకూడదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న సొంత వాహనాన్నే వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. మా అంబాసిడర్‌కు 2028 వరకు ఆ అవకాశమే రాదు. ఇవేవీ చెప్పకుండా "వింటేజ్ నంబరు వస్తుంది" అనే ఒక్క మాటతో బండి అమ్మితే, కొన్నవారు ఆఫీసు చుట్టూ తిరగవలసి వస్తుంది.

కాబట్టి మీ దగ్గర పాతబండి ఉంటే నిస్సంకోచంగా ఇక్కడ సర్వీసు చేయించుకోండి, రేడియేటర్ పనిని మాత్రం దగ్గరుండి చూడండి. కొత్తగా కొనదలిస్తే ఆర్సీ చేతికి ఇచ్చి, రెండు నంబర్లూ మీ ఎదుటే చూపించే వరకు అడ్వాన్సు ఇవ్వకండి.

ఈ మాటలన్నీ యజమానిగారికి ఎదుటే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత స్టోరులోకి మనిషిని పంపి, గుడ్డలో చుట్టిన ఆ పద్మిని గేరు రాడ్డును, దాని లింకులను తెప్పించి బల్ల మీద పెట్టించారు. ఒక్క భాగం కూడా పోలేదు. తిరిగి బిగించడానికి ఎన్ని రోజులు పడుతుందని ఆయన మేస్త్రీ గారిని అడిగితే, నాలుగు రోజులన్నారు. బిగించిన రోజున నాకు ఫోను చేయమని చెప్పి వచ్చాను. ఆ పద్మినిని నడిపి మీకు చూపిస్తాను.