పళ్ళు కొరికేవాళ్ళకి నైట్ గార్డ్ పనిచేస్తుందా? రెండు రకాలు వాడి చెబుతున్నా

అందరికీ నమస్కారమండీ. శ్రీకాకుళం నుంచి ఈ వారం రివ్యూ ఫోనుదీ కాదు, మిక్సీదీ కాదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు నోట్లో పెట్టుకునే నైట్ గార్డ్‌ది. మా గదిలో ఎలుక దూరిందని మా ఆయన టార్చి వేసి వెతికారట. ఆ చప్పుడు నాదే! అసలు ఈ సంగతి చాలామందికి పక్కన పడుకున్నవాళ్ళు చెబితే గానీ తెలియదు.

ముందే చెప్పేస్తున్నా. ఈ గార్డ్ పళ్ళని కాపాడుతుంది, కొరకడం మాన్పించదు. ఆ సంగతి తెలియకుండా కొంటే డబ్బులు దండగని తిట్టుకుంటారు.

ఇది మెత్త రకం. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకి వచ్చేస్తుంది. వేడినీళ్ళలో వేసి, మెత్తబడ్డాక కొరికి పట్టుకుంటే మన పళ్ళ అచ్చు పడుతుంది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. వెనక దవడ పళ్ళ దగ్గర ఈ గుంట కనిపిస్తోందా? దీని పక్కన ఏకంగా చిల్లు పడింది. లైటుకి అడ్డం పెడితే వెలుతురు ఇటు వచ్చేస్తోంది. పగలు ఇడ్లీ కూడా నింపాదిగా నమిలే మనిషిని, రాత్రి చేసిన ఘనకార్యం ఇది. పైగా లావుగా ఉంటుంది కాబట్టి పెదాలు సరిగా మూసుకోవు, చొంగ కారి దిండు తడిసిపోతుంది. మెత్తగా తగిలేసరికి కొందరు ఇంకా ఎక్కువ నములుతారని కూడా డాక్టర్లు చెబుతారు. నాలుగు రోజులకైతే సరే, ఏళ్ళ తరబడి కొరికేవాళ్ళకి నేను చెప్పను.

ఇక ఇది గట్టి రకం, యాక్రిలిక్. పంటి డాక్టరు అచ్చు తీసుకుని ల్యాబులో చేయించారు. ధర వేలల్లోనే, దాచేదేముంది. కానీ అసలు పని అది చేతికొచ్చాక మొదలైంది. పళ్ళకి తొడిగి, మధ్యలో నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. చుక్క ముదురుగా పడిన చోటల్లా అరగదీశారు. మళ్ళీ కాగితం, మళ్ళీ అరగదీయడం. రెండువైపులా చుక్కలు సమానంగా పడేదాకా వదల్లేదు. ఈ సర్దుబాటు చేయకుండా డబ్బాలో పెట్టి ఇచ్చి పంపేస్తే మాత్రం ఊరుకోకండి, అడగండి. అన్ని పళ్ళనీ కప్పేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ముందుపళ్ళ వరకే ఉండే చిన్నవాటితో కొన్నాళ్ళకి మిగతా పళ్ళు కదిలి, పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరే మారిపోవచ్చు.

దీనిమీద మెరుస్తున్న ఈ గీతలు చూశారా? గార్డ్ లేకపోతే ఇవి నా పళ్ళమీద పడాల్సినవి. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది పంటి ఎనామిల్, కానీ అరిగితే మళ్ళీ పెరగదు. లోపలి పొర బయటపడితే చల్లటి నీళ్ళు తాగినా జివ్వుమంటుంది. పన్ను చిట్లుతుంది, ఫిల్లింగులు ఊడతాయి. పొద్దున్న లేవగానే దవడ పట్టేయడం, కణతల దగ్గర నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్కుమనడం, నాలుక అంచున పళ్ళ నొక్కులు... ఇవన్నీ ఉంటే మైగ్రేన్ అనుకుని ఊరుకోకుండా ఒకసారి పళ్ళు కూడా చూపించుకోండి.

నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని రోజూ మింగేవాళ్ళున్నారు. ఉద్దానం వైపు వాళ్ళకి గట్టిగా చెబుతున్నా, ఆ పని చేయకండి. ఆ మాత్రలు కిడ్నీలని దెబ్బతీయొచ్చు, మీ వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో దవడకి కాపడం పెట్టుకుంటే నాకు హాయిగా ఉంది. తేగలు కొన్నాళ్ళు మానేయమన్నారు. సంక్రాంతి రోజుల్లో మా జిల్లా మనిషికి ఇదేం శిక్షండీ!

కారణం ఒక్కటే ఉండదు. టెన్షన్ ఒకటి. సాయంత్రం దాటాక కాఫీ, సిగరెట్, మద్యం కూడా పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్లా రావచ్చు, అలాగని మీకు మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుకి చెప్పండి. గురక పెడుతూ, పగలంతా నిద్ర తూగుతుంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బేమో చూపించుకోవాలి. అది తేలకుండా గార్డ్ ఒక్కటి పెట్టుకుంటే సరిపోదు. పగలు పళ్ళు బిగించే అలవాటుకి గార్డ్ కంటే గమనింపే మందు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. ఫోను వెనక ఒక స్టిక్కరు అంటించుకుని, చూసినప్పుడల్లా దవడ వదులు చేస్తున్నా. పైసా ఖర్చు లేదు, పగటి నొప్పి దీనితోనే బాగా తగ్గింది. బోటాక్స్ ఇంజెక్షన్ గురించి అడుగుతున్నారు. దవడ కండ బలం తగ్గిస్తుంది, కొన్ని నెలలకి ప్రభావం పోతుంది. మొదటే దానికి పరిగెత్తక్కర్లేదు.

పిల్లలు కొరికితే కడుపులో నులిపురుగులని మన ఇళ్ళలో అంటారు కదా. బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తే వేయించండి, మంచిదే. కొరకడం ఆగుతుందని మాత్రం ఆశపడకండి. చాలామందికి పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది. దవడ ఎదిగే వయసు కాబట్టి వాళ్ళకి సొంతంగా గార్డ్ కొనకండి.

గట్టిదాన్ని చల్లటి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడుగుతున్నా. వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది, పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి. పంటి చెకప్‌కి వెళ్ళేటప్పుడు డబ్బాతో సహా పట్టుకెళ్ళండి. ఎక్కడ అరిగిందో చూసి డాక్టరు మళ్ళీ సర్దుతారు.